పచ్చ గుర్తు కింద బూడిదరంగు అక్షరాలు

ఐదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. తినే ముద్ద కూడా దాన్ని దాటుకునే లోపలికి పోతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. చదివింది మూడో తరగతి. పెద్ద అక్షరాలయితే కూడబలుక్కుంటాను. ఈ నాలుగు కాగితాలు రాయడానికి పన్నెండు రోజులు పట్టింది.

మాది గద్వాలలో మగ్గాల వీధి. నాకు చదువు లేదు గాని జ్ఞాపకం ఉంది. ఏ పెళ్లికి ఎవరు ఏ అంచు చీర కట్టారో, అది ఎవరింటి మగ్గం మీద దిగిందో, ముప్పై ఏళ్ల కిందటిదైనా చెబుతాను. మధ్యాహ్నం పూట వీధిలో ఆడవాళ్లు నూలు చుట్టే కండెలు పట్టుకుని నా అరుగు మీదికి చేరేది ఆ కబుర్ల కోసమే. ఆ జ్ఞాపకమే నా చేత ఈ తప్పు చేయించింది. కాదు. దాని మీదికి నెట్టడం ఎందుకు? నేనే చేశాను.

నా తమ్ముడి బిడ్డ స్రవంతి వనపర్తిలో కంప్యూటర్ చదువు చదివి, వెబ్ పేజీలు తయారుచేసే పనిలో కుదిరింది. మా నేత సంఘం వాళ్లు అడిగితే ఒక పేజీ చేసిపెట్టడానికి ఒప్పుకుంది. హైదరాబాద్‌లో ఒక పెద్ద బట్టల దుకాణం వాళ్లు ఏడాది పొడవునా చీరలు నేయించుకుంటామన్నారు. మగ్గం నడుస్తున్న ప్రతి ఇల్లూ ఫోనులో ఆ పేజీ తెరిచి, పేరు రాసి, మగ్గం ఫోటో పెట్టాలి. గడువులోగా చేరిన పేర్లకే పని.

సంఘానికి అంతకుముందు ఒక పాత పేజీ ఉండేది. ఒక్క మీట నొక్కితే తెర తెల్లబడిపోయి, చక్రం తిరిగి తిరిగి, రాసిందంతా మాయమయ్యేది. స్రవంతి దాన్ని పక్కనపెట్టి మొత్తం కొత్తగా కట్టింది. ఎట్లా కట్టావని అడిగితే నాకు అర్థమయ్యేటట్టే చెప్పింది.

"గిది మన చీర లెక్కనే అత్తా. బట్టకు నూలు, అంచుకు పట్టు, కొంగుకు వేరే పడుగు పెట్టి కలుపుతం గద. ఈ కొత్త ఫ్రేమ్‌వర్క్‌లల్ల గూడ గట్లనే. ముక్కలు ముక్కలు జేసి కలుపుతం. యాడన్న తప్పుంటే గా ఒక్క ముక్క మారిస్తే సాలు, అందరి ఫోన్లల్ల మారిపోతది. సిగ్నల్ లేకున్నా రాసింది పోదు. ఫోన్లనే ఉండి, సిగ్నల్ ఉన్నకాడ మళ్ల తెరువంగనే సంఘానికి చేరుతది."

ముందుగా నా చేతనే చేయించింది. "నీకు వస్తే అందరికి వచ్చినట్టే. యాడ ఆగిపోతే ఆడ చెప్పు అత్తా. గది నీ తప్పు కాదు, నాది" అంది. ఈ మాట మీరు గుర్తు పెట్టుకోండి. నేను మరిచిపోలేకపోతున్నాను.

అరుగు మీద కూర్చుని తానొకసారి చేసి చూపించింది. నేను చూశాను. ఒక్కసారి చూస్తే నాకు చాలు. మొదట నీలం డబ్బా, దాని కింద రెండోది, తర్వాత కెమెరా బొమ్మ, చివర అడుగున పెద్ద మీట. లోపల మగ్గం గదిలోకి పోయి, ఒక్క అక్షరం చదవకుండా, చేతి గుర్తుతో అంతా నొక్కుకుంటూ పోయాను. స్రవంతి తన ఫోనులో వీడియో తీస్తోంది. గుమ్మం దగ్గర ఆడవాళ్లు. "అక్క ముంగట కంప్యూటర్ గూడ సాలది" అని ఎవరో అన్నారు. నాకు ఎంత బాగుండిందో. ఆ వయసులో, అంతమంది ముందు.

మా మగ్గం గది మట్టిగోడలది, సిగ్నల్ అందదు. మీట నొక్కగానే పెద్ద పచ్చ గుర్తు వచ్చింది. దాని కింద సన్నగా, బూడిదరంగులో ఒక వరుస అక్షరాలు. అరుగు మీద తాను చేసినప్పుడు ఆ వరుస రాలేదు. కాబట్టి నా జ్ఞాపకంలో దానికి జవాబు లేదు. స్రవంతి సరిగ్గా అక్కడే ఆగి అడిగింది.

"పచ్చ గుర్తు కింద ఏమన్న కనిపిస్తుందా అత్తా? చదివినవా?"

ఆ అక్షరాలు నూలు దుమ్ములాగా కనిపించాయి. "ఆ, చదివిన. మంచిగనే ఉంది" అన్నాను.

"జర పెద్దగ, ఎర్రగ పెట్టనా? నాకు అనుమానంగనే ఉంది."

"ఎందుకు బిడ్డా, సక్కగ కనిపిస్తుంటే."

వీడియో ఆపేసింది. ఆ పిల్ల అడిగింది ఒక్క మాట. చదవరాదు అనే ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మా పక్కిల్లు సులోచనది. భర్త నర్సిములుది నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు పెట్టి నేసే గుంత మగ్గం. వాళ్లకు అదొక్కటే ఆధారం. గడువుకు రెండు రోజుల ముందు సులోచన తన మగ్గం గదిలో నిలబడి పేరు రాసింది, ఫోటో పెట్టింది, నొక్కింది. పచ్చ గుర్తు వచ్చింది. ఫోను మూసేసింది. పచ్చ గుర్తు చూసినవాళ్లు మళ్లీ ఎందుకు తెరుస్తారు?

జాబితా వచ్చింది. అందులో మా పేరుంది, ఆ రోజు అరుగు మీదికొచ్చి నేను పేజీ మళ్లీ తెరిచాను కాబట్టి. వాళ్ల పేరు లేదు.

సులోచన సంఘం ఆఫీసుకు నన్ను కూడా రమ్మంది తోడుగా. అక్కడ ఆమె ఫోనులో పేజీ తెరవగానే, అన్ని రోజులు ఫోనులోనే ఇరుక్కున్న పేరు అప్పుడు సంఘానికి చేరింది. గడువు దాటిన తారీఖుతో. అది చూసి అక్కడున్నవాళ్లు ఆమె అప్పుడే నొక్కిందనుకున్నారు. సెక్రటరీ చెడ్డవాడేం కాదు. "పేజీదే తప్పయితే దుకాణపోళ్లకు రాసి నీ పేరు చేర్పిస్త. నువ్వే ఆలస్యం జేసి తప్పు పేజీ మీద పెడితే నేనేం జేయాలమ్మా?" అన్నాడు. స్రవంతికి ఫోను కలిపి అందరికీ వినపడేటట్టు పెట్టాడు.

"పేజీదే తప్పేమో సార్" అంది స్రవంతి. "అత్తా, ఆ రోజు కింది అక్షరాలు నిజంగ చదివినవా?"

సెక్రటరీ నవ్వాడు. "నువ్వు పంపిన ఆ వీడియో మేమంతా సూసినం గదమ్మా. సదువు రాని అక్క చిటికెల చేసింది. ఈమెకేమొచ్చింది రోగం?"

సులోచన నా వైపు తిరిగింది. "నువ్వు జెప్పక్కా. నాకైతే పచ్చగనే వచ్చె. కింద ఏమో ఉండె, నాకు తెల్వలే. నీకు తెలిసిందా?"

"తెలిసింది" అన్నాను. "చదివిన. నేను మంచిగనే చేసిన."

అంతే. సులోచన కొంగుతో ఫోను తుడుచుకుని లేచింది.

ఎందుకన్నాను? స్రవంతి పేరు చెడుతుందని అని చాలా రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. తప్పు తనదని ఒప్పుకోవడానికి ఆ పిల్ల ముందే సిద్ధంగా ఉంది. నా అరుగు మీద నా మాట చిన్నబోతుందని భయపడ్డాను. ఒక ఇంటి మగ్గానికీ, నా పేరుకూ మధ్య నన్ను నిలబెడితే నేను నా పేరును పట్టుకున్నాను.

తర్వాత వారం స్రవంతి తానుగానే ఆ అక్షరాలు పెద్దగా, ఎర్రగా మార్చింది. ఇంకా చేరలేదు, సిగ్నల్ ఉన్నచోట మళ్లీ తెరవండి అని ఉందని అప్పుడు కూడబలుక్కున్నాను. "అరగంట పట్టిందత్తా" అని ఫోనులో చెప్పింది. అరగంట.

నర్సిములు మగ్గం విప్పేశాడు. నాగర్‌కర్నూల్ వైపు పత్తి మిల్లులో పనికి పోయాడు. మొదట నెలకోసారి వచ్చేవాడు. ఇప్పుడు పండగకు కూడా రావడం లేదు. మగ్గం గుంతను మట్టితో పూడ్చి సిమెంటు చేయించారు. దాని మీద ఇప్పుడు గ్యాస్ సిలిండర్ ఉంటుంది. అప్పట్లో పొద్దున లేస్తే గోడ అవతల నుంచి మగ్గం చప్పుడు వినపడేది. ఇప్పుడు వినపడనిదే నాకు ఎక్కువ వినపడుతోంది.

సులోచన నన్ను ఒక్క మాట అనలేదు. అనలేదని కాదు నా బాధ. ఆమె నన్ను నమ్మింది. తప్పు తన వేలిదే అనుకుంది. ఆ రోజు నుంచి ఫోనులో ఏ మీటా తాను నొక్కదు. ఏ పనున్నా నా దగ్గరికే తెస్తుంది. "నా వేలు మంచిది కాదక్కా. నువ్వైతే సక్కగ నొక్కుతవ్" అంటుంది. నేను నొక్కుతాను, జ్ఞాపకంతోనే.

నిన్న సిలిండర్ బుక్ చేయమని వచ్చింది. నొక్కాను. పచ్చ గుర్తు వచ్చింది. కింద ఏవో సన్న అక్షరాలు. "కింద ఏమో ఉంది సులోచనా. నాకు చదవరాదు" అన్నాను. ఐదేళ్లకు ఆ మాట నోటి నుంచి వచ్చింది.

ఆమె నవ్వింది. "నీకు రాదా అక్కా? పరాచకాలాడకు" అని ఫోను తీసుకుని వెళ్లిపోయింది.

పిలవలేదు నేను. పిలిచి మిగతాది చెప్పి ఉండవచ్చు. చెబితే ఆ గుంత మళ్లీ తెరుచుకుంటుందా? నర్సిములు తిరిగి వస్తాడా? ఇవన్నీ చెప్పకుండా ఉండటానికి నేను వెతుక్కునే ప్రశ్నలని నాకు తెలుసు. రేపు కూడా ఆమె ఫోను పట్టుకుని వస్తుంది. రేపు కూడా నేను నొక్కుతాను.

ఆమె నమ్మలేదు. మీరైనా నమ్మండి. ఆ రోజు నేను ఆ అక్షరాలు చదవలేదు. ఒక్కటి కూడా.