ఎండిన బోరులోకి దించిన నీళ్ళు

మా పాప పోయింది. డెంగీ జ్వరమన్నారు. మార్కాపురంలో చేర్చాం, వాళ్ళు ఒంగోలు తీసుకెళ్ళమన్నారు, దారిలోనే పోయింది. సంగతి తెలియనివాళ్ళు ఇంకా దాని ఫోనుకు చేస్తున్నారు. నేనే ఎత్తి చెప్పాల్సివస్తోంది. నేను చదివింది ఐదో తరగతి. అయినా పాప గురించి నేనే రాయాలనిపించింది.

అది గిద్దలూరు దారిలో ఉన్న వైన్ ఫ్యాక్టరీలో పనిచేసేది. వైన్ చేయడం కాదు, చేశాక మిగిలినదంతా చూసుకోవడం దాని పని. ట్యాంకులు కడిగిన నీళ్ళను నల్ల షీటు పరిచిన గుంటలో ఆపి, గాలి కొట్టించి, పులుపూ ఘాటూ తగ్గాక కొంచెం కొంచెంగా చెట్లకు పెట్టించేది. ద్రాక్ష తొక్కలు, గింజలు పేడలో కలిపి ఎరువు చేయించేది. ఇంటికొస్తే దాని దగ్గర పులిసిన పిండి వాసన.

"ఇట్ల ఉంటే ఏ పెండ్లికొడుకు వస్తాడే?" అనేదాన్ని.

"ముక్కు దిబ్బడేసినోణ్ణి చూడు మా" అని నవ్వేది.

మా బావగారి బత్తాయి తోట ఆ ఫ్యాక్టరీ చెట్ల పక్కనే. ఆయన బోరు ఎండిపోయి బత్తాయి చెట్లు వాడుతున్నాయి. వాననీళ్ళు ఎండిన బోరులోకి దించితే ఊట తిరిగి వస్తుందని ఎవరో చెబితే, ఒక ఏడు అట్లాగే చేశారు. మరుసటి ఏడు వాన లేదు. ఫ్యాక్టరీ నీళ్ళు ఊరికే పోతున్నాయని ఆయనకు బాధ. చెట్లకు పోయే పైపు విప్పి తన బోరులో పెట్టుకున్నారు. నీళ్ళ కోసం మొహం వాచిన ఊరు మాది. ఎవరికీ తప్పనిపించలేదు, నాకు కూడా.

చెట్ల కింద నేల ఎందుకు ఎండిందా అని పాప పైపు వెంట నడిచి అక్కడికి చేరింది. నేను అప్పుడు తోటలో కలుపు తీస్తున్నాను.

"పెదనాయనా, ఏంది ఈ పని?"

"ఏముందమ్మీ? పారబోసే నీళ్ళేగా. మీ చెట్లు తాగినట్లే నా బోరూ తాగుతాంది."

"చెట్టుకు పెడితే మన్ను వడకడతాది. ఇది నేరుగా మనం తాగే ఊటలోకి పోతాది."

"ద్రాక్ష కడిగిన నీళ్ళే! మహా అయితే ఊరంతా కొంచెం తూగుతారు, అంతేగా?"

కూలోళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. పాప నవ్వలేదు. దాని మొహం తెల్లగా పాలిపోయింది. "ట్యాంకులు కడిగే మందులు కూడా ఉంటాయి పెదనాయనా. పైనుండే మురికైతే కడుక్కోవచ్చు. కిందికి దిగినదాన్ని ఎట్ల కడుగుతాం?" అంటూ పైపు తానే లాగేసింది. అప్పటి నుంచి నాకూ భయం పట్టుకుంది.

మా వీధి బోరు ఆ తోటకు కూతవేటు దూరం. ఫ్యాక్టరీలో చెప్పింది, పంచాయతీలో చెప్పింది, మా బోరు నీళ్ళు తాగకుండా ఆపించింది. పరీక్ష చేయిస్తే ఇప్పటికి బాగానే ఉన్నాయన్నారు. వానలు పడ్డాక మళ్ళీ చూడాలి, లోపలున్నది అప్పుడే కదులుతుంది అన్నారు. అందరూ మొదటి మాట విన్నారు. పాప రెండో మాటే పట్టుకుంది. ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడి ఆడవాళ్ళు నన్ను ఎత్తిపొడిచారు: "నీ కూతురు చదువు మా నడుములు విరగ్గొడతాంది వదినా."

ఇంటికొచ్చి చెబితే, "తిట్టనీ మా. తాగకుంటే చాలు" అనేది. నాకు కడుపు నిండా అన్నం తినాలనిపించిన రోజులు అవే చివరివి.

పాప పోయాక మా వీధి బోరు మోటారు మళ్ళీ వేశారు. నేను వద్దని అరిచాను. కూతురు పోయిన బాధలో ఏదో అంటోందని చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళారు. పిల్లలు ఆ నీళ్ళే తాగుతున్నారు. మళ్ళీ పరీక్ష ఎవరు చేయిస్తారో, నీళ్ళు ఎప్పుడు పట్టాలో, ఎక్కడ ఇవ్వాలో నాకు తెలియదు. పాప పెద్దదినం నాడు బావగారు నా ముందు కూర్చుని, "అమ్మాయ్, నేను దించిన ఆ నీళ్ళు ఎంత దూరం పోయింటాయో? అడుగుదామంటే పిల్ల లేకపాయె" అన్నారు. ఆయన గ్లాసులో నీళ్ళు అట్లాగే ఉన్నాయి.

నిన్న సాయంత్రం నల్లమల మీద నుంచి వాన దిగింది. వీధిలో పిల్లలు గంతులేశారు. నేను తోటకు పరుగెత్తాను. బావగారు అప్పటికే అక్కడున్నారు. ఎండిన బోరు మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళు పెడుతున్నారు, తడిసి ముద్దవుతూ. నేనూ ఒక రాయి తెచ్చి పెట్టాను. పట్టా మీద పడ్డ నీళ్ళు జారి పక్కకు పోతున్నాయి. ఆ పక్కన నేల వాటిని తాగుతూనే ఉంది.