రెండుసార్లు మోగిన గట్టిమేళం

కొత్తగా పౌరోహిత్యంలోకి దిగిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ లేదు. (ఇప్పుడు చాలా ఉన్నాయి, ఏటేటా పెరుగుతున్నాయి కూడా.) బెజవాడ పురోహితులందరూ మంత్రాలు గొణిగేసి వెళ్ళిపోతున్నారనీ, ఈ వృత్తికి ఒక ప్రమాణమంటూ ఉండాలనీ, దాన్ని నెలకొల్పే బాధ్యత నా మీదే పడిందనీ గట్టిగా నమ్మేవాణ్ణి. అందులో మొదటి ప్రమాణం, ప్రతి తంతుకీ అర్థం మైకులో చెప్పాలన్నది. నాకు ఈ విద్య నేర్పిన మా బాబాయి అంతా విని, "చెప్పరా, తప్పేముంది. కాస్త క్లుప్తంగా చెప్పు" అన్నాడు. ఆ చివరి మాట నా చెవికెక్కలేదు.

ఒక మాఘమాసంలో బాబాయికి నడుం పట్టేసి, చల్లపల్లిలో ఆయన చేయించాల్సిన పెళ్ళి నాకు వచ్చింది. నేను ఒంటరిగా చేయించబోయే మొట్టమొదటి పెళ్ళి. పెళ్ళికూతురి మామ్మ ఆ ఇంటికి పెద్దదిక్కు, బాబాయి చేత ఏరికోరి ముహూర్తం పెట్టించుకున్నావిడ. నన్ను ఎగాదిగా చూసి, "చూడు నాయనా, మా ఇంట్లో ముహూర్తం దాటిన పెళ్ళి లేదు, ముందు జరిగిన పెళ్ళీ లేదు. తేడా వచ్చిందో, మీ ఇంటి పంతుళ్ళు మళ్ళీ మా గడప తొక్కక్కర్లేదు" అంది. ఆ ఊళ్ళో సగం ఇళ్ళు ఆవిడ మాట వింటాయి. అంటే బాబాయి ఇన్నేళ్ళ పేరు నా చేతిలో ఉందన్నమాట. నేను మాత్రం "అలాగేనండి" అని మైకు సరిచూసుకోవడంలో పడ్డాను.

మండపం కిటకిటలాడుతోంది. అడ్డుతెరకు చెరోవైపు వధూవరులు జీలకర్ర బెల్లం పట్టుకుని కూర్చున్నారు. ముహూర్తానికి ఇంకా వ్యవధి ఉంది. ఊరికే కూర్చుంటే నా ప్రమాణం ఏమైపోవాలి? మైకందుకుని జీలకర్ర గొప్పతనం, బెల్లం గొప్పతనం, రెండూ కలిస్తే వచ్చే గొప్పతనం వివరించి, "సరిగ్గా ఆ శుభఘడియ రాగానే నేను ఇలా చెయ్యెత్తుతాను" అంటూ, అందరికీ బోధపడాలని ఎత్తి మరీ చూపించాను.

మేళం వాళ్ళు మైకు వినరు, పంతులు చెయ్యి చూస్తారు. (ఇది నాకు తెలుసు. అంతా తెలుసని చెప్పాను కదా.) సన్నాయి సాయిబుగారు బుగ్గలు పూరించారు, డోలు దద్దరిల్లింది, మండపంలోని అక్షింతలన్నీ ఒక్కసారిగా గాల్లోకి లేచాయి. నేను ఆపమని చేతులూపుతుంటే, ఇంకా గట్టిగా వాయించమంటున్నానేమోనని సాయిబుగారు మరింత విజృంభించారు. పెళ్ళికొడుకు, పాపం, తెర మీదుగా చెయ్యి చాచేశాడు. అవతల నుంచి పెళ్ళికూతురు, "ఆగండాగండి, ఇంకా టైమ్ కాలేదు. మామ్మ చంపేస్తుంది!" అంది. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

మేళం సద్దుమణిగేసరికి మండపం ఖాళీ. వేసినవాళ్ళు వేసినట్టే భోజనాలకు నడిచారు. (మన కృష్ణా జిల్లాలో అక్షింతలకీ విస్తరికీ మధ్య పెద్ద ఎడం ఉండదు.) మామ్మ మెల్లిగా దగ్గరకొచ్చి, "ఏవయ్యా పంతులూ, మీ బెజవాడలో పెళ్ళికి రిహార్సల్ కూడా వేయిస్తారా?" అంది.

అసలు ముహూర్తం వచ్చింది. అర్థాల్లేవు, ఉత్త మంత్రమే. చెయ్యెత్తాను. సాయిబుగారు సన్నాయి ఒళ్ళోనే పెట్టుకుని నా వంక అనుమానంగా చూశారు. "ఈసారి నిజంగానేనాండీ అయ్యగారూ, లేకపోతే మళ్ళీ అర్థం చెబుతున్నారా?"

"నిజమేనండీ బాబూ, వాయించండి!" అని మైకులోనే అరిచాను.

ఆ కేకకి జనం పులిహోర చేతులతో పరుగెత్తుకొచ్చారు. ఒక్కరి దగ్గరా అక్షింతలు లేవు. మామ్మ కొంగు ముడి విప్పి తలా నాలుగు పంచింది. "నేను ఇందాక వెయ్యలేదులే, గడియారం చూస్తూనే ఉన్నా" అంది. మిగిలినవి నా తల మీద వేసి, "ముహూర్తం తప్పలేదని మీ బాబాయితో చెప్పు. మా చిన్నదాని పెళ్ళికీ నువ్వే రా. మైకు మాత్రం తేకు" అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఈ మధ్య బెజవాడలో కుర్ర పురోహితులకు వృత్తి ప్రమాణాల గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఒక అబ్బాయి లేచి, "పెళ్ళిలో అర్థాలు చెప్పమంటారాండీ?" అని అడిగాడు. "తప్పకుండా చెప్పు నాయనా. చేతులు కట్టుకుని చెప్పు" అన్నాను. అది వినయం గురించనుకుని అందరూ శ్రద్ధగా రాసుకున్నారు. నేను సరిదిద్దలేదు. ఇప్పుడు నేను ఏ పెళ్ళిలోనైనా ముహూర్తం దాకా చేతులు ఒళ్ళో పెట్టుకునే కూర్చుంటాను, అన్నీ సవ్యంగా జరిగిపోతాయి. కానీ ఆనాడు చల్లపల్లిలో అంత ధీమాగా చెయ్యెత్తిన ఆ కుర్రాడు గుర్తొస్తే మాత్రం, నవ్వుతో పాటు వాడి మీద కాస్త బెంగ కూడా కలుగుతుంది.