నోటి నిండా పిల్లలు

తార్నాకలో మేం అద్దెకున్న ఇంటిని యజమానురాలు బిల్డర్‌కి ఇచ్చేసిందని తెలిసిన వారంలోనే మా అక్వేరియంలో పసుపు చేప తిండి మానేసింది. అప్పటికే నాకు మనసు కుదురుగా లేదు. యూనివర్సిటీలో కాంట్రాక్టు మీద కెమిస్ట్రీ చెప్తున్నాను. ఆ యేడు రెన్యూవల్ ఆర్డరు ఇంకా రాలేదు. క్లాసు అయిపోగానే ఆఫీసు గుమ్మం దాకా వెళ్లి, లోపలికి అడుగు పెట్టకుండానే వెనక్కి వచ్చేదాన్ని. ఇంటికొచ్చి చేపల ముందు కూర్చునేదాన్ని.

అవి ఆఫ్రికా సరస్సుల చేపలు, సిక్లిడ్లు. నీలం, పసుపు, నారింజ రంగులు చూసి ముచ్చటపడి తెచ్చుకున్నాను. వాటికి ఒక్క క్షణం కూడా శాంతి ఉండదని తెచ్చాకే తెలిసింది. నీలం మగచేప రాళ్ల మధ్య ఒక మూల తనదంటూ, దగ్గరికొచ్చినదాన్నల్లా తరిమేది. ఆ ఇంటి బోరు నీళ్లు జుట్టుకీ టీకీ పనికొచ్చేవి కావు. ఈ చేపలకి మాత్రం సరిగ్గా అలాంటి కఠిన జలమే కావాలి.

పసుపుదానికి జబ్బు చేసిందనుకున్నాను. మేత వేస్తే దగ్గరికొచ్చి, చూసి, పక్కకి పోయేది. ఒక ఉదయం అద్దానికి దగ్గరగా వచ్చినప్పుడు గమనించాను, దవడ కింద సంచిలా ఉబ్బి ఉంది. నోట్లో గుడ్లు పెట్టుకుని పొదుగుతోంది. పిల్లలు ఈదగలిగేదాకా ఈ జాతి తల్లులు దాదాపు ఏమీ తినవు. బెదిరితే గుడ్లు మింగేస్తాయి, లేదా ఉమ్మేస్తాయి.

పిల్లలు బయటికొచ్చేదాకా ఇల్లు మారొద్దని మా ఆయనతో అన్నాను. ఆయన అప్పటికే మల్కాజ్‌గిరిలో ఇల్లు మాట్లాడి వచ్చాడు.

"చేప కోసరం ఎవరన్నా ఇల్లు మారకుండా కూర్చుంటారామే?" అన్నాడు. మాది అనంతపురం. చిరాకేస్తే ఆయన మాట ఊరి యాసలోకి పోతుంది. "నువ్వే పోయి చెప్పు ఆ ఓనరమ్మకి."

ఇంటి యజమానురాలు కింది వాటాలో ఒక్కతే ఉండేది. బౌద్ధనగర్‌లో కూతురింటికి సామాను సగం చేరేసింది. నేను చెప్పింది నమ్మలేక, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"ఏంది బిడ్డా, నోట్లనే పెట్టుకున్నదా పిల్లల్ని?"

"అవునాంటీ. తిండి కూడా తినట్లేదు."

చాలాసేపు చూసింది. "బిల్డరోళ్లు నన్ను గూడ రోజూ అడుగుతున్నరు, ఎప్పుడు పోతవని. మీరుంటే నేను గూడ ఉంట. వాళ్లకు నేను జెప్పుకుంట తీ."

ఆమెకీ కదలాలని లేదని అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత నాకు ఎక్కడా కాలు నిలవలేదు. క్లాసులో ఉంటే ధ్యాస ఇంటి మీద, ఇంట్లో ఉంటే ఆర్డరు మీద. బోర్డు మీద సమీకరణం సగం రాసి ఆగిపోతే, స్టూడెంట్లే మిగతాది చెప్పేవాళ్లు. గుడ్లు పిల్లలై ఉంటాయనుకుంటున్న మూడో వారంలో, ఒక మధ్యాహ్నం క్యాంపస్‌లో ఉండగా ఆంటీ ఫోన్ చేసింది.

"గోడ కూలగొడుతున్నరు బిడ్డా. ఇల్లంత అదురుతున్నది. జెర జల్ది రా."

నేను వెళ్లేసరికి ప్రహరీ సగం లేదు. దెబ్బ పడ్డప్పుడల్లా చేపలు అద్దాలకి కొట్టుకుంటున్నాయి. పసుపుది రాయి వెనక నక్కి ఉంది, నోరు గట్టిగా మూసుకుని. ఇక ఆగి లాభం లేదనిపించింది. ఫోన్ చేస్తే మా ఆయన ఆఫీసు నుంచి వచ్చాడు. వాటర్ క్యాన్లన్నిటిలోకీ తొట్టి నీళ్లు నింపాడు. మిగతా చేపల్నీ తొట్టినీ ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని ముందు వెళ్లాడు. పసుపుదాన్ని నేను వలతో పట్టలేదు. గిన్నె ముంచి, నీళ్లతో సహా బకెట్లోకి వదిలి, మూతపెట్టి, బ్యాటరీ పంపు తగిలించి, ఇంకో ఆటోలో కాళ్ల మధ్య పెట్టుకున్నాను.

"ఏమున్నది మేడం అండ్ల?" అన్నాడు ఆటో అతను.

"చేప."

"కూరకా?"

"కాదన్నా. దాని నోట్లో పిల్లలున్నాయి."

అద్దంలోంచి నన్నొకసారి చూశాడు. మెట్టుగూడ దాటాక ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా బండి దాదాపు ఆపేసి, మెల్లగా దాటించాడు. వెనక హారన్లు మోగుతున్నా తొందరపడలేదు.

కొత్త ఇంట్లో మూత తీశాను. నీళ్లలో గింజంత పిల్లలు చెల్లాచెదురుగా ఉన్నాయి. కొన్ని అడుగున కదలకుండా పడి ఉన్నాయి. అంతా అయిపోయిందనుకుని పక్కనే నేల మీద కూర్చున్నాను. కాసేపటికి తల్లి కదిలింది. ఈదుతున్న పిల్ల దగ్గరికి వెళ్లి నోట్లోకి తీసుకుంది. తర్వాత ఇంకోదాన్ని. మా ఆయన క్యాన్లు దించడం ఆపి నా వెనకే నిలబడ్డాడు. చచ్చినవాటిని అది ముట్టుకోలేదు.

దాన్ని విడిగా ఒక టబ్బులో ఉంచాం. కొన్నాళ్లకి పిల్లల్ని తనంతట తనే వదిలి మేత తింది. నా ఆర్డరూ వచ్చింది, ఒక్క సెమిస్టర్‌కి. మళ్లీ వెతుకులాట తప్పదు. ఇక్కడి కుళాయిలో వచ్చేది మృదు జలం, ఈ చేపలకి పడదు. రోజూ పరీక్షించడం, ఉప్పులు కలపడం అదో పని.

కూతురింటికి చేరిన ఆంటీకి ఫోన్ చేసి పిల్లల సంగతి చెప్పాను. సంతోషమన్నది. మళ్లీ తనే, "నాకీడ మనసున వడ్తలేదు బిడ్డా" అన్నది.

"నాకూ అంతే ఆంటీ. ఆదివారం రండి, పిల్లల్ని చూద్దురు గానీ."

"వస్తా. ఏ బస్సెక్కాల్నో జెప్పు," అన్నది.