మైలున్నరను మూడు మైళ్ళు చేసిన బేరం

ఆ రోజుల్లో, అంటే మా కంభం వైపు ఊళ్ళన్నీ కర్నూలు జిల్లాలో, కర్నూలు జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, నా అంత బేరగాడు చుట్టుపక్కల లేడని నా గట్టి నమ్మకం. రుజువు కావాలంటే చెబుతాను. మా ఊరి నుంచి రైలుస్టేషనుకు పొలాలకు అడ్డంబడి పోతే మైలున్నర. ఆ మైలున్నరను, ఎవరికీ చిల్లిగవ్వ ఇవ్వకుండా, ఉత్త నోటిమాటతో మూడు మైళ్ళు చేసిన ఘనుణ్ణి నేను. ఇంజనీర్ల వల్ల కూడా అయ్యే పని కాదది (అట్లా చేయాలని వాళ్ళకెప్పుడూ తోచకపోవడం వేరే సంగతి).

మాది చిల్లర అంగడి. పుట్టినప్పటి నుంచి నేను చూసింది త్రాసు, విన్నది బేరం. మీసం వచ్చీరాగానే మార్కాపురంలో ఒక పాత సైకిలు కొన్నాను. అమ్మినవాడికి ఏడుపొచ్చేదాకా బేరమాడాను గాని, దాన్ని తొక్కడానికి మా ఊళ్ళో దారి ఉందా అన్నది మాత్రం ఆలోచించలేదు. బండిదారి కొండ చుట్టూ తిరిగి పోతుంది. దగ్గరి దారంటే పొలాల గట్ల మీద ఒక్క మనిషి పట్టే కాలిబాట; వాన పడితే అక్కడి నల్లరేగడి చెప్పుల్ని పట్టుకుని వదలదు. అందుచేత సైకిలు అంగడి గోడకు ఆనుకుని ఉండేది, ఉప్పూపప్పుకు వచ్చినవాళ్ళు దాని గంట ఒకసారి మోగించి పోయేవాళ్ళు. నాయన కొన్నాళ్ళు ఓర్చుకుని చివరికి మాట తేల్చేశాడు. పొద్దున రైలుకు మా తమలపాకుల గంప, ఎదురంగడి చిన్నాయన గంప కలిసే వస్తాయి. ఎవరి ఆకు ముందు ఊరు చేరితే ఆ పూట గిరాకీ వాళ్ళది. రెండోవాళ్ళ ఆకు ఎండకు వాడిపోవలసిందే.

"కోతలైనాక చూస్తా. చిన్నాయన మనిషి కంటే ముందు ఆకు తెచ్చినావా, గల్లా పెట్టె కాడ నువ్వు కూర్చో. తేలేదా, సైకిలు అమ్మేసి దర్శికి పో. మీ మామ అంగట్లో పొట్లాలు కడుదువు" అన్నాడు.

గల్లా ముందు కూర్చోవడమంటే మావంటి ఇళ్ళలో పట్టాభిషేకం. కాబట్టి ఊరికి దారి వేయాలని నిశ్చయించాను. (స్వార్థం అనకండి. నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ కలిపే వేద్దామన్నాను. ఊళ్ళో రెండో సైకిలు బడి అయ్యవారిది. ఆయన దాన్ని తొక్కిన దానికంటే తుడిచిందే ఎక్కువ.) అంగడి ముందు నేల మీద శనగలు పేర్చి, ఇది ఊరు, ఇది స్టేషను అని తిన్నగా ఒక వరస పోసి పెద్దలందరికీ చూపించాను. చూస్తుండగానే ఒక కోడి వచ్చి స్టేషను దగ్గర మొదలుపెట్టి సగం దారి తినేసింది. మిగిలిన సగం రైతులు వంచారు.

వాళ్ళను తప్పుపట్టను. గట్టు వెడల్పు చేయడానికి నేల ఊరికే అడుగుతున్నవాణ్ణి నేను. బావి మామ (కొత్తగా బావి తవ్వించి, ఊళ్ళో ఇంకే మాటా మాట్లాడని పెద్దమనిషి) దారి తన బావి పక్కనుంచే పోవాలన్నాడు. దాహం తీర్చుకున్నవాడు తన పేరు చెప్పుకోవాలట. ఒక వంపు. మిరపతోట అత్త, దారినపోయేవాళ్ళ చేతులు ఊరుకోవు, నా తోటకు దూరంగా పోనీ అంది. ఇంకో వంపు. ఇట్లా ఒక్కొక్కరూ వంపు అడగడం, నేను ఆలోచిస్తున్నట్టు గడ్డం గోక్కుని సరేననడం. నేల ఉచితంగా వచ్చినప్పుడల్లా లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి. స్టేషను దగ్గరి బీడు ఒక్కటి మిగిలింది. అక్కడ గొర్రెల పెద్దయ్య మాట చెల్లుతుంది.

"బాట వేసుకో నాయనా, నేనొద్దనను. దారిలో యాడైనా మంద ఎదురొస్తే మాత్రం నడిచేటోడైనా, సైకిలోడైనా దిగి పక్కన నిలబడాల. నలుగురి ముందర మాటియ్యి" అన్నాడు.

అప్పుడు పైరు నిలువెత్తున ఉంది. మందలన్నీ కొండవార మేతకు పోయి, కనుచూపుమేరలో ఒక్క గొర్రె లేదు. లేని గొర్రెలకు దారి విడవడంలో నష్టమేముందని మాటిచ్చేశాను. కోతలైన మరునాటి నుంచే ప్రతి రైతూ ఎరువు కోసం మందను పిలిచి రాత్రికి తన చేలో పెట్టించుకుంటాడని, తెల్లవారితే అవి చేను మారతాయని పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. అంగడి పిల్లవాడికి తెలియలేదు.

ఊరంతా చెయ్యి వేసి గరుసు మట్టి పరిచారు. పందెం రోజు గంప వెనక కట్టుకుని స్టేషనులో బయలుదేరాను. చిన్నాయన మనిషి మాకు వరసకు బావ, పొడుగు కాళ్ళవాడు. గంప నెత్తిన పెట్టుకుని పాత గట్ల మీదుగా తిన్నగా నడిచాడు. నేను రెక్కలు కట్టుకున్నట్టు తొక్కి ఒక వంపు తిరిగేసరికి ఎదురుగా ఆయన. ఇంకోటి తిరిగేసరికి మళ్ళీ ఆయనే.

"ఏంది బామ్మర్దీ, ఇంకా ఈడనే తిరుగుతాండావా?" అని పలకరించి పోయాడు.

బావి మామ పొలం దాటగానే ఎదురుగా మంద. దిగి నిలబడ్డాను. గొర్రెలు తలవంచుకుని మర్యాదగా పోయాయి. వాటి వెనక మేకలు వచ్చాయి. నేను హ్యాండిలు పట్టుకుని ముందు చూస్తున్నాను, అవి వెనక గంప చూశాయి. తిరిగి చూసేసరికి గంపలో తడి గోనె మిగిలింది. పెద్దయ్యను పట్టుకుని ఇదేం న్యాయమన్నాను.

"నిలబడమన్నా గాని, ఆకు పెట్టమన్నానా?" అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుని.

నాయన ఖాళీ గంపలోకి చూసి, "మేకలకు వక్క గూడా ఇచ్చినావా?" అని మాత్రం అడిగి, అమ్మతో నా బట్టలు మూట కట్టమన్నాడు.

సెలవులకు దర్శి నుంచి వచ్చినప్పుడు ఆ దారినే నడిచేవాణ్ణి. బావి దగ్గర నీళ్ళు, అత్త తోట దగ్గర మజ్జిగ, ఊళ్ళో ఎవరికి పెళ్ళి కుదిరింది, ఎవరికి మోకాలు నొప్పి, అన్నీ ఇల్లు చేరకముందే తెలిసిపోయేవి. ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ అందరూ ఆ వంకర దారినే పట్టారు. తొందరున్నవాళ్ళు పాత గట్లనే పోయేవాళ్ళు. నా తొందర దర్శిలో పొట్లాలు కడుతూ తీరిపోయింది.

ఇక లెక్క ఉన్నదున్నట్టు చెబుతాను. నేలకు ఖర్చు లేదు. మట్టికి లేదు. ఒక గంప తమలపాకులు, ఒక గల్లా పెట్టె, నా పడుచుతనంలో మంచి భాగం పోయాయి. దారి ఊరికి మిగిలింది. సైకిలు ఎదురంగడి చిన్నాయన కొన్నాడు, తాను చెప్పిన ధరకే. నేను బేరమాడలేదు.