విప్పకుండా పంపిన పంపు

2023 మే నెల. చోడవరం నుంచి మాడుగుల వెళ్లే రోడ్డు మీద మా షెడ్డు. ఎక్స్‌కవేటర్లు, లోడర్లు, రోడ్డు రోలర్లు, ఏ పెద్ద బండి ఆగిపోయినా మా దగ్గరికి వస్తుంది. రాలేకపోతే మేమే సామాను వేసుకుని అది ఆగిన చోటికి వెళ్తాం. ఈ పనిలో నాకు ఇరవై ఎనిమిదేళ్లు. నాది హైడ్రాలిక్స్, అంటే నూనె ఒత్తిడితో బండి చేతులూ బకెట్టూ కదిలే వ్యవహారమంతా. ఆ ఏడాది నేను ఒక తప్పు చేశాను. శిక్ష మాత్రం ఇంకొకరికి పడింది. దాని గురించే రాస్తున్నాను.

ముందు మా గురువుగారి పద్ధతి ఒకటి చెప్పాలి. అనకాపల్లిలో ఆయన షెడ్డులోనే నేను పని నేర్చుకున్నాను. పంపు విప్పాక ఆయన ముక్కలన్నీ కడిగి తెల్ల గుడ్డ మీద వరసగా పరిచేవారు. తర్వాత టీ తెప్పించేవారు. ఆ టీ తాగడం అయ్యేదాకా ఎవరూ ముక్క ముట్టుకోకూడదు, ఊరికే చూడాలి. "ఎందుకు పోయిందో అదే సెప్తాది. నువ్వు నోరు మూసుకుని కూకో" అనేవారు. ఆ రోజులే బంగారం అని నేననను. కొత్త పార్టు దొరక్క, అరిగినదాన్నే సానబట్టి బిగించేవాళ్లం. వాటిలో చాలా పంపులు ఆరు నెలలకే తిరిగొచ్చేవి.

ఇప్పుడు ఆ తిప్పలు లేవు. పార్టు నంబరు కొడితే పంపు అసెంబ్లీ, అంటే లోపలి ముక్కలన్నీ బిగించి ఉన్న పూర్తి పంపు, పెట్టెలో వచ్చేస్తుంది. పాతది అదే పెట్టెలో పెట్టి కంపెనీకి వెనక్కి పంపాలి. దీన్ని ఎక్స్చేంజ్ అంటారు. షరతు ఒక్కటే, పాత పంపు విప్పకూడదు. విప్పితే తీసుకోరు. పూట పనిలో బండి లేచి తిరుగుతుంది కాబట్టి ఓనర్లకూ హాయి, మాకూ హాయి. అలా పది పన్నెండేళ్లలో నేను బోల్టులు విప్పడం, బిగించడంలో ఆరితేరిపోయాను. నా తెల్ల గుడ్డ బీరువా అడుగుకి చేరింది.

ఆ మేలో మా ఊరి కాంట్రాక్టరు నాయుడుగారి ఎక్స్‌కవేటర్ షెడ్డుకి వచ్చింది. దాన్ని నడిపే మనిషి పైడిరాజు. వయసులో నాకంటే పెద్దవాడు. పదకొండేళ్లుగా నాయుడుగారి దగ్గరే ఉన్నాడు. బండి దిగుతూనే విషయం చెప్పాడు.

"మేస్త్రీ, పొద్దున్న బాగానే ఉంటాది. నూనె వేడెక్కేక పీక పట్టుకున్నట్టు మూలుగుతాది. నాలుగు రోజుల్నుంచి సూస్తన్నాను. నూనె అందట్లేదేటో మరి."

"ఉండన్నయ్యా, లాప్‌టాప్ పెట్టి చూద్దాం" అన్నాను.

లాప్‌టాప్‌లో పంపు ప్రెషర్ తక్కువ చూపించింది. పంపు పోయిందని తేల్చి, కొత్త అసెంబ్లీ తెప్పించి, పాతది పెట్టెలో పెట్టి సీలు వేశాను. పైడిరాజు చెప్పిన మాట నా చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. జాబ్ కార్డులో, అంటే చేసిన పని రాసే ఫారంలో, 'కారణం' అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే ఎక్స్చేంజ్ కాగితాలు ముందుకు కదలవు. నేను అందులో 'ఆపరేటర్ మొరటుగా నడపడం వల్ల' అని రాశాను. విప్పని పంపుకి అంతకంటే ఏం కారణం రాయాలో నాకు తోచలేదు. చాలా కార్డుల్లో అదే రాసేవాణ్ని, ఎవరూ అడిగేవారు కాదు.

బిల్లు కట్టేటప్పుడు నాయుడుగారు ఆ కార్డు చదివారు. వారం తిరక్కుండానే పైడిరాజుని పనిలోంచి తీసేశారు. బండి పాడుచేసేడన్న మాట చుట్టుపక్కల ఓనర్లందరికీ చేరింది. ఇంకెవరూ అతన్ని బండి ఎక్కనివ్వలేదు. ఈ సంగతి నాకు టీ దుకాణం దగ్గర తెలిసింది. అయ్యో అనుకున్నాను, టీ తాగేసి షెడ్డుకి వచ్చేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కొత్త పంపు బిగించిన సరిగ్గా ఇరవై రోజులకి నాయుడుగారు ఫోన్ చేశారు. బండి రావికమతం వైపు ఒక ఊరి చెరువు దగ్గర ఉంది. కొత్త తూము వేయడానికి గట్టు అడ్డంగా కోశారు. తూము వేయడం అయింది, గట్టు పూడ్చాలి. సగం పూడ్చాక, కొత్త డ్రైవరు చేతిలో, కొత్త పంపుతో, బండి అదే మూలుగు మూలిగి ఆగిపోయింది. నేను వెళ్లేసరికి రైతులు గట్టు మీద నిలబడి మబ్బుకేసి చూస్తున్నారు. వాన పడేలోగా గట్టు మూయకపోతే వచ్చిన నీరు వచ్చినట్టే పోతుంది, ఆ ఏడు వాళ్లకి ఊడ్పులు ఉండవు.

"ఏటి మేస్త్రీ ఇది? డ్రైవర్ని మార్చేను, పంపు మార్చేను. ఇంకేటి మార్చమంటావు?" అన్నారు నాయుడుగారు.

కొత్త పంపు రావడానికి పది రోజులు పడుతుంది. వచ్చినా అదీ ఇరవై రోజులకే పోదన్న నమ్మకం ఏముంది? పంపు మీద చెయ్యి వేసి అన్నాను, "నాయుడుగారూ, దీన్ని విప్పుతాను. విప్పితే వాళ్లు వెనక్కి తీసుకోరు. మీరు ఒప్పుకుంటేనే."

ఆయన చెరువుకేసి చూశారు, రైతులకేసి చూశారు. "విప్పీ" అన్నారు.

పంపు దింపి షెడ్డుకి తెచ్చాను. బీరువాలోంచి తెల్ల గుడ్డ తీసి, కడిగిన ముక్కలు దాని మీద పరిచి, టీ తెప్పించుకుని కూర్చున్నాను. మొదట ఏమీ కనిపించలేదు. చూసే అలవాటు పోయింది మరి. సగం టీ అయ్యాక వాల్వ్ ప్లేటు మీద చూపు ఆగింది. పంపులోకి నూనె వచ్చే దారి, పోయే దారి ఉండే బిళ్ల అది. మొరటుగా నడిపితే దాని మీద గీతలు పడాలి. ఇక్కడ గీతలు లేవు. నూనె వచ్చే దారి పక్కన సన్నటి గుంటలున్నాయి, అమ్మవారు పోసిన మొహం మీద మచ్చల్లా. పంపుకి నూనె చాలక, ఆ ఖాళీలో బుడగలు పుట్టి పేలితేనే అలాంటి గుంటలు పడతాయి. నూనె అందట్లేదని పైడిరాజు చెప్పనే చెప్పాడు.

మళ్లీ చెరువు దగ్గరికి పరుగెత్తాను. టాంకు నుంచి పంపుకి నూనె తెచ్చే సక్షన్ హోస్ ఊడదీశాను. పైకి కొత్తదానిలా నిగనిగలాడుతోంది. కత్తితో నిలువునా కోస్తే లోపలి రబ్బరు పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. నూనె వేడెక్కగానే ఆ పొర మెత్తబడి దారికి అడ్డం పడుతోంది. సక్షన్ హోస్‌లో లోపల స్ప్రింగులా తీగ ఉండాలి, పీల్చేటప్పుడు నొక్కుకుపోకుండా. ఇందులో తీగ లేదు. ఇది మామూలు హోస్. ఎనిమిది నెలల కిందట అసలుది దొరక్కపోతే సైజు సరిపోయింది కదా అని దీన్ని బిగించింది ఎవరో కాదు, నేనే.

రెండు పంపుల్ని చంపి, నేరం ఒక మనిషి మీద రాశాను.

తర్వాత పని మామూలే. అద్దాల షాపులో మందపాటి గాజు పలక కొని, దాని మీద లాపింగ్ పేస్టు, అంటే సన్నటి రుద్దుడు ముద్ద, రాసి వాల్వ్ ప్లేటుని ఎనిమిది అంకె తిప్పినట్టు గంటల తరబడి రుద్దాను. గుంటలు ఇంకా పైపైనే ఉన్నాయి కాబట్టి పోయాయి. మొదటి అరగంట చేతులు తడబడ్డాయి, తర్వాత వాటికే గుర్తొచ్చింది. సీళ్లు కొత్తవి వేశాను. నూనె, ఫిల్టర్ మార్చాను. తీగ ఉన్న అసలు హోస్ విశాఖపట్నం నుంచి తెప్పించి బిగించాను. రెండో రోజు మధ్యాహ్నానికి గట్టు పూడింది, వాన మూడో రోజు పడింది.

నాయుడుగారికి హోస్ చూపించి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఆ హోస్ ముక్క తిప్పి తిప్పి చూశారు. చివరికి, "పైడిరాజుకి ఫోన్ సేసి రమ్మంటాను" అన్నారు. ముందు నేను వెళ్లొస్తానన్నాను.

పైడిరాజుది రోలుగుంట దగ్గర పల్లె. ఒకరి చెరుకు తోటలో కూలికి వెళ్తున్నాడు. నన్ను చూసి అరుగు మీద చోటు చూపించాడు. అతని భార్య వరలక్ష్మి టీ పట్టుకొచ్చింది. నేను తెల్ల గుడ్డ పరిచి, కోసిన హోస్ ముక్క దాని మీద పెట్టాను. పైడిరాజు టీ తాగుతూ దాన్ని చూశాడు, ముట్టుకోలేదు. గ్లాసు కింద పెట్టాక వేలితో ఆ ఊడిన పొరని ఒకసారి కదిపాడు.

"బండి సెప్పింది. నాను సెప్పేను. నువ్వు లాప్‌టాప్‌ని అడిగేవు" అన్నాడు.

"తప్పు నాదే అన్నయ్యా. నాయుడుగారు రమ్మంటున్నారు."

"వస్తాను గానీ, నువ్వు రాసిన కాగితమో?"

జేబులోంచి జాబ్ కార్డు తీశాను. పాత వాక్యం కొట్టేసి, పక్కన తిరగరాసి, నాయుడుగారి చేతా సంతకం పెట్టించి తెచ్చాను. పైడిరాజుకి చదువు రాదు. కార్డు భార్య చేతికిచ్చాడు. ఆమె కూడబలుక్కుని చదివింది. "కారణం. మెకానిక్ తప్పుడు హోస్ బిగించడం వల్ల. ఆపరేటర్ లోపం లేదు. ఆపరేటర్ ముందే చెప్పినా మెకానిక్ వినలేదు."

పైడిరాజు తల వంచుకుని విన్నాడు.

"మళ్లీ సదువు" అన్నాడు.

ఆమె మళ్లీ చదివింది, ఈసారి పక్కింటి వాళ్లకి కూడా వినబడేలా. పైడిరాజు కార్డు అందుకుని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ కార్డు షెడ్డు ఫైల్లో ఉండాల్సింది. నేను అడగలేదు.

ఇప్పుడూ నేను అసెంబ్లీలే బిగిస్తున్నాను, ఎక్స్చేంజ్ పెట్టెలూ పంపుతున్నాను. విప్పకూడని పంపుని విప్పను. కానీ దాని చుట్టూ ఉన్న హోసులూ ఫిల్టరూ గుడ్డ మీదకి వస్తాయి, ఒక టీ అవుతుంది, బండి నడిపిన మనిషి నా పక్కన కూర్చుని మాట్లాడతాడు. అప్పటికీ కారణం తెలియకపోతే ఆ గడిలో 'తెలియలేదు' అని రాస్తున్నాను. ఫారం కదలకపోతే ఫోన్ చేసి కదిలిస్తాను.