షెడ్డులో కారు, పూజగదిలో నంబరు

చంద్రపూర్‌లో పాత కార్లు వదిలించుకున్నవాళ్లు బోలెడుమంది. పొద్దున పాత ఇనుము కొనే కబాడీవాణ్ని పిలుస్తారు, సాయంత్రానికి చేతులు కడుక్కుంటారు. అదే పని చట్టప్రకారం చేస్తానని బయల్దేరి, ఆర్‌టీఓ ఆఫీసరు చేత దండం పెట్టించుకుని, కట్టుకున్న భార్యను దసరా పూట చచ్చిన కారులో కూర్చోబెట్టి, చివరికి జాకెట్ల కోసం వరోరా దాకా స్కూటర్ మీద లారీని తరిమిన మహానుభావుణ్ని నేనొక్కణ్నే. ఎలా జరిగిందో చెబుతాను. నవ్వండి, ఫర్వాలేదు. మా వీధివాళ్లు ఇప్పటికే నవ్వి నవ్వి అలసిపోయారు.

అది తెల్లకారు. కాగితాల్లో అలా రాసి ఉంది కాబట్టి నేనూ అలాగే అంటున్నాను. మా ఊరి బొగ్గుదుమ్ము దాని రంగు ఎప్పుడో మార్చేసింది. ఇంజను పోయి చాలాకాలమైంది. ఇంటిముందు షెడ్డులో గాలిలేని టైర్ల మీద కూర్చుని ఉండేది. వీధిలో పిల్లులన్నిటికీ అదే కాన్పుల ఆసుపత్రి.

మా ఆవిడ సుజాత జాకెట్లు కుడుతుంది. మా పడకగదే ఆమె దుకాణం. మంచం మీద నాకంటే ఎక్కువ చోటు అస్తరు గుడ్డలదే. రాత్రి ఒత్తిగిలితే ఏ గుండుసూది ఎక్కడ పలకరిస్తుందో తెలిసేది కాదు. పెద్ద బజార్లో నాకు గిన్నెల దుకాణం ఉంది, దాని మీద మా నాన్న పేరు ఇంతెత్తున ఉంది. ఆమెకేమో పేరు రాయించుకున్న బోర్డు మాత్రమే ఉంది, పెట్టడానికి దుకాణం లేదు. ఆ బోర్డు తలుపు వెనక గోడకు ముఖం తిప్పుకుని నిలబడి ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా నాకు నిజంగా సిగ్గేసేది.

ఒకరోజు అన్నం వడ్డిస్తూ సుజాత తేల్చేసింది.

"దసరా నాడు షెడ్డుల దుకాణం తెరుస్తున్న. ముహూర్తం పెట్టిచ్చిన. గా డబ్బాను మీరు తీపిస్తరా, లేకుంటే నన్ను అండ్లనే మిషన్ పెట్టుకోమంటరా?"

"తీపిస్త. నా మాట."

"మీ మాట కాదు, నాకు జాగ కావాలె."

మర్నాడే కబాడీ ఇస్మాయిల్ భాయ్ వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, బానెట్ మీద అరచేత్తో కొట్టి చూశాడు.

"సేట్, గంటల ముక్కలు జేసి తీస్కపోత. కాయితాలు గీయితాలు ఏం అక్కర లేదు."

ఆ మాటతో నాలో నిద్రపోతున్న పౌరుడు లేచాడు. "అక్కర లేదంటే ఎట్ల భాయ్? కారు పోతది, దాని నంబరు బతికే ఉంటది. రేపు ఎవడో గా నంబరు తగిలించుకొని దొంగతనానికి పోతే పోలీసులు ఎవరి దుకాణానికొస్తరు? నా దుకాణానికే. ఈ కారు చచ్చిందని సర్కారు ఒప్పుకునేదాక నేను వదల."

ఇస్మాయిల్ భాయ్ నావైపు జాలిగా చూసి వెళ్లిపోయాడు. సుజాత కిటికీలోంచి అంతా వింది. "ఒప్పుకునేదాక ఇది ఈడనే ఉంటదా?" అని మాత్రం అడిగింది.

ఉండదని నిరూపించాలనుకున్నాను. నాగ్‌పూర్ దారిలో సర్కారు అనుమతి ఉన్న తుక్కు కేంద్రం ఒకటుందని కనుక్కున్నాను. దరఖాస్తు పెట్టాను. నవమి రోజు లారీ పంపిస్తామన్నారు. అంటే దసరాకు సరిగ్గా ముందురోజు. కథ ఇక్కడే ముగిసిపోవలసింది. కానీ లారీ వచ్చేదాకా ఊరికే కూర్చోవడం నాకు చేతకాలేదు.

నా పక్క దుకాణం గంగన్నది. కిరాణం అమ్ముతాడు, సలహాలు ఊరికే ఇస్తాడు.

"తమ్మీ, అసలు పని చాసీ నంబరుది. బండి కింద ఇనుము మీద చెక్కి ఉంటది సూడు, గది. నా పాత టెంపోను తుక్కుకేసినప్పుడు గా ముక్క కోపిచ్చి ఆర్‌టీఓ ఆఫీసుల అప్పజెప్పిన. ముక్క ఇస్తెనే నమ్ముతరు."

"ఎప్పటి మాట అన్నా?"

"ఎప్పటిదైతేంది? కాయిదా కాయిదానే, రూలు రూలే."

నాకు ఉత్సాహం ఆగలేదు. తుక్కు కేంద్రానికి ఒక ఫోను చేసి అడగొచ్చు కదా అని మీకు తోచింది. నాకు తోచలేదు. గ్యాస్ కటింగ్ వాణ్ని పిలిపించి, దగ్గర నిలబడి, నంబరున్న ఇనుపముక్కను చదరంగా, అందంగా కోయించాను. సుజాత మిషన్ ఆపి బయటికొచ్చింది.

"ఏం కోపిచ్చిండ్రు?"

"నంబరు. వాళ్ల పని తక్కువ జేసిన."

"వాళ్లు కొయ్యమన్నరా?"

"మనమే ముందుండాలె."

"అంచు ఎటున్నదో సూడకుండ నేను గుడ్డ మీద కత్తెర పెట్టను. మీరు కారు మీదనే పెట్టిండ్రు," అని లోపలికెళ్లిపోయింది.

నేను పట్టించుకోలేదు. ముక్కను శుభ్రంగా తుడిచాను. నవమి పొద్దున మా ఇంట్లో ఆయుధపూజ. ఇంట్లో ఉన్న ఇనుమంతా పీట ఎక్కుతుంది: సుజాత కత్తెర, నా దుకాణం తక్కెడ, కత్తిపీట, సుత్తె. అన్నేళ్లు దసరాకు ఆ కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించినవాళ్లం, పోయే ముందు ఒక్క పూజైనా దక్కాలి కదా అని నంబరు ముక్కను కూడా అమ్మ చేతికిచ్చాను. అమ్మ దానికి పసుపు రాసి, అంకెల నిండా కుంకుమ నింపి, బంతిపూలు పెట్టింది.

పూజ అలా ముగిసిందో లేదో లారీ వచ్చింది. తెచ్చినవాడు మల్లేశ్, రాజురా మనిషి, మన తెలుగువాడే. కారు తీసుకునే ముందు తనిఖీ చేసే పనీ అతనిదే. చేతిలో టార్చిలైటుతో కారు కిందికి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు.

"అన్నా," కింది నుంచే పిలిచాడు, "నంబరుండే కాడ బొక్క ఉన్నదేంది?"

"నేనే కోపిచ్చిన!" అన్నాను, బహుమతి అందుకోబోయేవాడిలా.

మల్లేశ్ మెల్లగా బయటికొచ్చాడు. "ఎందుకు కోపిచ్చిండ్రే?"

"మీకు పని తక్కువైతదని."

"గదే మా పని! బండి నిండుగ రావాలె, నంబరు మేం సూడాలె, సూసినంక మేమే కొయ్యాలె. ముందుగాల నంబరు కోసేది ఎవరో తెల్సా? బండ్లు దొంగిలించెటోళ్లు."

"నేను దొంగనా? ముక్క ఇంట్లనే ఉన్నది, పా చూపిస్త."

మల్లేశ్ చెప్పులు విడిచి పూజగదిలోకి వచ్చాడు. ముందు అలవాటుగా దండం పెట్టుకున్నాడు. తర్వాత టార్చి వేసి కుంకుమ కింద అంకెలు చదవబోయాడు. వేలితో తుడవబోతే అమ్మ గయ్యిమంది.

"రేపు ఉద్వాసన చెప్పేదాక దాన్ని కదిలియ్యద్దు బిడ్డా!"

"అవ్వా, నేను కదిలియ్య. నాకు నంబరు ఒక్కకాడ, కారు ఒక్కకాడ పనికి రాదు. అన్నా, ఆర్‌టీఓ ఆఫీసుకు పోయి ఇది మీ కారు ముక్కనే అని రాపిచ్చుకొని రా. అప్పుడొస్త."

లారీ ఖాళీగా తిరిగిపోయింది. సుజాత గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో మామిడాకుల తోరణం. దాన్ని మడిచి లోపలికి తీసుకెళ్లిపోయింది.

నేను పరుగున ఇస్మాయిల్ భాయ్ దగ్గరికి వెళ్లాను. చట్టం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు షెడ్డు ఖాళీ కావాలి. ఒక్క నిమిషం నా పట్టుదల సడలిందని ఒప్పుకుంటున్నాను.

"భాయ్, కారు తీస్కపో."

"నంబరు కోపిచ్చినవంట గద సేట్? బజారంత అనుకుంటున్నరు. నంబరు లేని బండి నాకొద్దు. నేను ఇజ్జత్ తోటి బతికెటోణ్ని."

ఆర్‌టీఓ ఆఫీసుకు పరుగెత్తాను. అక్కడి ఆఫీసరు ఇంటికి బయల్దేరుతున్నాడు. నా కథంతా విని, నేను ఫోనులో చూపించిన పసుపు కుంకుమల ముక్కను చూసి, రెండు చేతులూ జోడించాడు. ముక్కకు పెట్టాడో నాకు పెట్టాడో ఇప్పటికీ తెలియదు.

"నంబరు దాచేవాళ్లను చూసిన. పూజ చేసేవాణ్ని ఇప్పుడే చూస్తున్న. సెలవులైనంక మనిషిని పంపిస్త."

"అందాక ముక్కను మళ్లీ అతికించమంటరా సార్?"

"మీరు చేతులు జేబుల పెట్టుకోండి. గంతే చాలు."

దసరా తెల్లవారింది. ముహూర్తం దగ్గరికొస్తోంది. కారు షెడ్డులో కదలకుండా ఉంది. నేను లోపల చేతులు జేబులో పెట్టుకుని కూర్చున్నాను. బయట ఏదో చప్పుడైతే వెళ్లి చూశాను.

సుజాత అన్నంత పనీ చేస్తోంది. పిల్లికూనల్ని బుట్టలోకి మార్చి, కారు కడిగి, అద్దాలు తుడిచింది. డ్రైవర్ పక్కసీటును వెనక్కి వాల్చి, దాని మీద చెక్కపలక వేసి, చేతిమిషన్ పెట్టుకుంది. తను వెనకసీట్లో కూర్చుంది. దారపు ఉండలు డాష్‌బోర్డు మీద, కొలత టేపు స్టీరింగుకు, తోరణం పైకప్పుకు. ఆ బోర్డును తలుపు వెనక నుంచి తీసి బానెట్ మీద నిలబెట్టింది. అమ్మ ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టింది.

"ముహూర్తం ముహూర్తమే," అంది సుజాత. "మీరు ముందు కూసోండ్రి. హుక్కులు కుట్టాలె."

డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. ఎటూ కదలని కారుకు డ్రైవరుగా హుక్కులు కుట్టాను. జమ్మి ఆకు పెట్టడానికి వచ్చినవాళ్లంతా ఆగి చూశారు, నవ్వారు, లోపలికి తొంగిచూశారు. నవ్విన ఆడవాళ్లే మర్నాడు గుడ్డలు పట్టుకొచ్చారు. అద్దంలో మెడ కుదిరిందో లేదో చూసుకోవడం వాళ్లకు భలే నచ్చింది. కుట్టినవన్నీ సుజాత డిక్కీలో సర్దేది. ఆమె మిషన్ తిప్పుతూ సన్నగా పాట తీయడం నేను చాలా ఏళ్ల తర్వాత విన్నాను. నా తప్పు వల్ల ఆమె రోజు పాడవలేదని తెలిసి కళ్లలో నీళ్లు తిరిగాయి. సూది గుచ్చుకుందని చెప్పాను.

సెలవులయ్యాక ఆర్‌టీఓ మనిషి వచ్చాడు. ముక్కను బొక్కలో పెట్టి చూశాడు, అతికినట్టు సరిపోయింది. కాగితం రాసిచ్చాడు. మల్లేశ్ మళ్లీ లారీ తెచ్చాడు. సుజాత ఆ వేళ దారాలు కొనడానికి బజారుకెళ్లింది. నేనే దగ్గరుండి మిషన్, టేపు, తోరణం, బోర్డు దించాను. కారు లారీ ఎక్కింది. చట్టప్రకారం, నిండుగా, నంబరుతో సహా! నేను గుమ్మంలో నిలబడి చెయ్యూపాను. గెలిచాననుకున్నాను.

సుజాత వచ్చింది. ఖాళీ షెడ్డు చూసి ముఖం వెలిగిపోయింది. అంతలోనే అడిగింది.

"డిక్కీల జాకెట్లు ఏడ పెట్టిండ్రు?"

నేను లారీ వెళ్లిన దారివైపు చూశాను.

"విసాపూర్ పెండ్లోళ్లయి! రేపు పెండ్లి!"

స్కూటర్ తీశాను. ఎంత వేగంగా వెళ్లానో చెప్పను, చట్టాన్ని గౌరవించేవాణ్ని. వరోరా దగ్గర టీకొట్టు ముందు లారీ ఆగి ఉంది. మల్లేశ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"మల్లేశ్, డిక్కీ తెరువు తమ్మీ!"

"తెరువరాదన్నా. కారు అప్పజెప్పినట్టు సంతకం జేసిండ్రు. ఇగ దాన్ల ఏదున్నా కేంద్రంలనే తెరుస్తరు. అంతా కాయిదా ప్రకారమే కావాలని మీరే అంటిరి గద?"

"అంటిని! తప్పైంది! గీ ఒక్కసారి కాయిదాను పక్కకు పెట్టు!"

మల్లేశ్ టీ పూర్తిగా తాగాడు. నావైపు చూశాడు. నెత్తి గోక్కున్నాడు.

"వదిన కుట్టు మంచిగున్నదంట. మా ఇంటామెకు కూడ ఒక్క జాకెట్ కుట్టమని చెప్పుండ్రి."

డిక్కీ తెరిచాడు. కారును కబాడీకి ఇవ్వకుండా, ఒక్క అడ్డదారీ తొక్కకుండా అన్ని రోజులు నిలబడ్డ మనిషిని, చివరికి వరోరా రోడ్డు మీద లంచం ఒప్పుకున్నాను. అదీ నేను కుట్టలేని లంచం.

పెళ్లిజాకెట్లు వేళకు అందాయి. మల్లేశ్ భార్య జాకెట్ కూడా అందింది. ఇప్పుడు షెడ్డు నిజమైన దుకాణం. అయినా ఆడవాళ్లు దాన్ని "కారు టైలర్" అనే అంటారు.

కనుక పాఠకులారా, దసరా పీట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఎవరూ కొయ్యమననిది కొయ్యను, డిక్కీ చూడకుండా దేనికీ చెయ్యూపను. ఈ ప్రమాణం నిలబెట్టుకోవడం నాకు కష్టమేమీ కాదు. కత్తెరను సుజాత రోజూ పెట్టెలో పెట్టి తాళం వేస్తుంది.