సమాధుల తోటలో వెనక ఎకరం

మా ఊళ్ళో పోయినవాళ్ళ అడ్రసులన్నీ తెలిసిన మనిషి ఇమ్మానియేలు బాబాయ్ ఒక్కడే. నలభై రెండేళ్ళుగా మా క్రైస్తవుల సమాధుల తోటలో గుంటలు తవ్వేది ఆయనే. డెబ్బై దాటినా పలుగు పట్టాడంటే కుర్రవాళ్ళు పక్కకి తప్పుకోవాల్సిందే. నోరు మాత్రం మహా చెడ్డది. ఆలస్యంగా వచ్చిన పాస్టరు గారినే వదలడు, ఇక సంఘం రిజిస్టరు రాసే నన్ను వదులుతాడా?

"పేరు రాశావు, తేదీ రాశావు, ఎక్కడ పెట్టామో రాయవేం మాస్టారూ?" అని ఏళ్ళ తరబడి సతాయించాడు.

"నీకు తెలుసుగా బాబాయ్" అని నవ్వేసేవాణ్ణి. అది ఒట్టి బద్ధకం, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఈ జనవరిలో మండల రెవెన్యూ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కొత్త సర్వే ప్రకారం సమాధుల తోట ముప్పై సెంట్లేనట. వెనక ఉన్న ఎకరం ఖాళీ భూమట. దాన్ని మిర్చి కోల్డ్ స్టోరేజీకి వచ్చే లారీలు నిలబెట్టుకోవడానికి ఇస్తారట. అభ్యంతరాలుంటే రెండు నెలల్లో చెప్పుకోవాలట.

నేనూ బాబాయ్ బస్సెక్కి వెళ్ళాం. అక్కడ సర్వే చూసే షహనాజ్ అనే అమ్మాయి కంప్యూటర్లో ఫోటో తెరిచింది. ఏదో ప్రైవేటు కంపెనీ ఉపగ్రహం తీసిన ఫోటో, వీళ్ళు కొనుక్కున్నారు.

"అడుగు వెడల్పున్న వస్తువైనా కనపడుద్దండి" అంది.

నిజమే, కనపడింది. ముందు వరసల్లో సిమెంటు సమాధులన్నీ ఉన్నాయి. మా నాన్నగారి గ్రానైటు సమాధి, దాని మీది సిలువ నీడతో సహా ఉంది. వెనకంతా పచ్చటి పొద. అక్కడ ఉన్నవాళ్ళు పత్తి తీసినవాళ్ళు, మిరప కోసినవాళ్ళు. వాళ్ళకి మట్టి దిబ్బే సమాధి. రేగడి నేలలో రెండు వానాకాలాలు గడిస్తే దిబ్బ కుంగి నేలలో కలిసిపోతుంది. ఫోటో తీసింది సెప్టెంబరులో, సర్కారు తుమ్మ నిలువెత్తు పెరిగిన రోజుల్లో. బాబాయ్ భార్య శాంతి పిన్ని కూడా ఆ తుమ్మ కిందే, చివరి వరసలో ఉంది. మా నాన్న సమాధి అంత స్పష్టంగా కనపడినందుకు నాకు సిగ్గేసింది.

"ఫోటోలో ఖాళీగా ఉందండీ, నేనేం చేయను?" అన్నారు ఆఫీసరు గారు.

"అది ఆరొందల కిలోమీటర్ల నుంచి చూసిందంట. తమరు ఆరు కిలోమీటర్లు వచ్చి చూళ్ళేరా?" అన్నాడు బాబాయ్.

"వస్తే మాత్రం ఏం కనపడుద్ది? గడ్డేగా!"

బాబాయ్ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

వరండాలోకి వచ్చి షహనాజ్ చెప్పింది. ఫిబ్రవరి రెండో వారంలో ఉపగ్రహం మళ్ళీ ఫోటో తీస్తుంది. ఈలోగా సమాధులకి సున్నం వేయిస్తే, తెల్లగా ఉన్నవాటిని కంప్యూటరే లెక్క పెట్టుకుంటుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక విషయం చెప్పాను. ఏటా నవంబరులో సమాధుల పండుగకి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి సున్నం వేసే జనం, పండుగ కాని రోజుల్లో సున్నమేంటని నసిగారు. పైగా మిరప కోతలు.

"కోతలయ్యాక చూద్దాం మాస్టారూ" అన్నారు. ఉపగ్రహం వీళ్ళ కోతల కోసం ఆగుతుందా? నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. బాబాయ్ ఇంటింటినీ పేరుపేరునా తిట్టి, మర్నాడే కొడవలి నూరుకున్నాడు.

మేమిద్దరమే తుమ్మ కొట్టాం. ఆయన అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి పలుగు దించేవాడు. ఒకసారి తవ్విన చోట పలుగు మెత్తగా దిగుతుంది. "ఇది సామేలు భార్య. ఇది సామేలు" అనేవాడు. నేను రిజిస్టరులో టిక్కు పెట్టేవాణ్ణి. తర్వాత ఆ చోటు చుట్టూ సున్నంతో గీత గీసేవాడు.

షహనాజ్ సెలవు రోజున చూడ్డానికి వచ్చి తల పట్టుకుంది. "ఇంత సన్న గీతలు ఆనవండీ. గీతలొద్దు, మొత్తం సున్నం పొయ్యాలి. ఈ చిన్నచిన్నవి కంప్యూటరు లెక్కలోకి తీసుకోదు. వీటిని కూడా ఆరడుగులు చెయ్యండి."

"రెండు నెలల పసిగుడ్డుకి ఆరడుగులా?" బాబాయ్ కుంచె విసిరికొట్టాడు. "నీకు బుద్ధుందా అమ్మాయ్? వాళ్ళని చేతుల్లో పెట్టుకుని దించాను నేను!"

ఆ పిల్ల తప్పేమీ లేదు. కుంచె తీసుకుని ఒక చిన్నదాన్ని తనే పెద్దది చేయబోయింది. బాబాయ్ చెయ్యి చాపి, "ఇటియ్యి తల్లీ" అన్నాడు. ఇరవై ఆరుగురు పిల్లలకీ పెద్దవాళ్ళంత సమాధులు వేశాడు. వేస్తున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు, ఎవర్నో నాకు తెలియలేదు.

మార్చి మొదట్లో ఆఫీసుకి పిలిచారు. తెర మీద నల్లరేగట్లో తెల్లటి వరసలు. ఒక్కరు కూడా తప్పిపోలేదు.

"వెనక ఎకరంలో కంప్యూటరు నూట ఎనభై నాలుగంటోంది. మీ రిజిస్టరులో టిక్కులు నూట ఎనభై మూడే ఉన్నాయి" అని ఆఫీసరు గారు విసుక్కున్నారు. "మీ లెక్కే మీకు కలవకపోతే నేను సంతకం ఎట్టా పెట్టనండీ?"

నేను రిజిస్టరు రెండుసార్లు తిరగేశాను. బాబాయ్ తెర మీద వేలు పెట్టాడు.

"ఇది మా శాంతి. పక్కది నాది. తమరు మళ్ళీ ఫోటో తీసేనాటికి సున్నం వెయ్యడానికి నేనుండొద్దూ? అందుకే ఇప్పుడే వేసేశా."

ఆఫీసరు గారు నూట ఎనభై మూడని రాసి సంతకం పెట్టారు. ఎకరం మాకే మిగిలింది.

తిరుగు బస్సులో బాబాయ్ నా ఒళ్ళో రిజిస్టరు తెరిపించాడు.

"ఇప్పుడైనా రాసుకో మాస్టారూ. ఇమ్మానియేలు. చివరి వరస, శాంతి పక్కన. తేదీ తర్వాత రాద్దువుగాని."